ట్రాక్ డేకి వెళ్ళే కారుకి జాకీ ఎలా ఎంచుకోవాలి

ట్రాక్ డే అంటే మన సొంత కారుని రేసు ట్రాకు మీద నడుపుకునే రోజు. నెల్లూరు నుంచి శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకి రెండు వందల కిలోమీటర్ల లోపే. నాలుగింటికి బయల్దేరితే తడ దాటేసరికి తెల్లారుతుంది. ఒంగోలు వాళ్ళకి మూడు వందలు దాటుతుంది కాబట్టి ముందురోజే వెళ్ళి పడుకోవడం మేలు. ఎక్కడి నుంచి వెళ్ళినా కారు రోడ్డు టైర్ల మీద పోయి, అక్కడ వేరే టైర్లు వేసుకొని, సాయంత్రం మళ్ళీ రోడ్డు టైర్లతో ఇల్లు చేరాలి. అంటే ఒక్క రోజులో ఎనిమిదిసార్లు చక్రం విప్పి బిగించాలి. మధ్యలో బ్రేక్ ప్యాడ్లు చూడ్డానికి ఇంకో రెండు మూడుసార్లు ఎత్తాల్సి రావచ్చు.

కారుతో వచ్చే కత్తెర జాకీ ఇంత పని కోసం చేసింది కాదు. ఏడాదికి ఒకసారి పంక్చరైతే స్టెప్నీ మార్చుకోవడానికి ఇచ్చింది. దాని అడుగు అరచేయంత, మర సన్నం. ఎండలో నాలుగు చక్రాలకీ తిప్పేసరికి మీ భుజాలు పోతాయి, దాని మర అరుగుతుంది. అందుకే వేరే జాకీ కావాలి. షాపుకెళ్ళి "రెండు టన్నులది ఇవ్వన్నా" అని అడిగి తెచ్చుకుంటే సగం మందికి ట్రాకు దగ్గర ఎదురయ్యే సంగతి ఒకటే: జాకీ కారు కిందికి దూరదు. దూరినా చక్రం లేచేంత ఎత్తు రాదు. టన్నుల గురించి పెద్దగా ఆలోచించే పనిలేదు, మిల్లీమీటర్ల గురించి ఆలోచించాలి.

ముందు టేపు తీయండి

కొనడానికి ముందు ఇంటి దగ్గర అరగంట పని ఉంది. వాలు లేని సిమెంటు గచ్చు మీద కారు నిలపండి. వాకిట్లో నీళ్ళు పోవడానికి వాలు పెట్టి ఉంటే అక్కడ వద్దు. డిక్కీ ఖాళీ చేసి, టైర్లలో గాలి సరిచూసి కొలవండి.

మొదటి కొలత: డోర్ల కింది భాగాన్ని సిల్ అంటారు, దాని అడుగున రెండు రేకులు కలిపి వెల్డు చేసిన అంచు ఉంటుంది. ముందు చక్రం వెనకాల, వెనక చక్రం ముందర ఆ అంచుకి చిన్న గాట్లో గుర్తులో ఉంటాయి. జాకీ పెట్టాల్సింది ఆ గుర్తులున్న చోటే, ఇంకెక్కడ పెట్టినా రేకు ముడుచుకుపోతుంది. నేల నుంచి ఆ అంచు కిందిదాకా ఎంత ఉందో నాలుగు చోట్లా కొలిచి, అన్నిటికన్నా తక్కువది రాసుకోండి.

రెండో కొలత: కారు సొంత జాకీతోనే ముందు చక్రం నేల వదిలేదాకా ఎత్తండి. చక్రం గాల్లోకి వచ్చిన క్షణాన సిల్ ఎత్తు మళ్ళీ కొలవండి. కారు ఎత్తుతుంటే మొదట స్ప్రింగు సాగుతుంది, చక్రం నేల మీదే ఉండిపోతుంది, కాబట్టి ఈ రెండు కొలతలకీ తేడా చాలా ఉంటుంది. మామూలు హ్యాచ్‌బ్యాక్‌లలో 70 నుంచి 120 మి.మీ. దాకా చూడొచ్చు. గట్టి, పొట్టి స్ప్రింగులు వేసిన కార్లలో తక్కువ, ఎస్‌యూవీలలో ఎక్కువ.

మూడోది కొలత కాదు, లెక్క. టైరులో గాలి పూర్తిగా పోతే కారు ఎంత దిగుతుంది? టైరు పక్కగోడ ఎత్తులో దాదాపు ముప్పావు వంతు దిగుతుందనుకోండి. 195/50 ఆర్16 టైరుకి పక్కగోడ 195లో సగం, అంటే 97 మి.మీ. గాలి పోతే 65 నుంచి 75 మి.మీ. కిందికి వస్తుంది. 185/65 ఆర్15కి పక్కగోడ 185లో 65 శాతం, అంటే 120, అది 90 దాకా దిగుతుంది. ట్రాకు మీద పంక్చరైన కారు పిట్స్‌కి (ట్రాకు పక్కన కార్లు ఆపి పని చేసుకునే చోటుకి) వచ్చినప్పుడు సిల్ ఎత్తు మీరు ఇంట్లో కొలిచినంత ఉండదు. ఈ లెక్క వేసుకోనివాళ్ళే ఆ పూట పక్కవాళ్ళ జాకీ అడుక్కునేది.

ఇప్పుడు ఒక ఉదాహరణ. స్ప్రింగులు మార్చి కాస్త దించిన హ్యాచ్‌బ్యాక్. సిల్ ఎత్తు 165. గాలి పోతే 70 దిగి 95కి వచ్చింది. జాకీ తల మీద రబ్బరు దిండు 20 మి.మీ. ఉందనుకుంటే, జాకీ కనీస ఎత్తు 75కి మించకూడదు. మొదటి రెండు కొలతల తేడా కూడా 95 అనుకుంటే, చక్రం లేచే ఎత్తు 165కి 95 కలిపి 260. టైరు తీసిపెట్టడానికి ఇంకో 50 కావాలి, మొత్తం 310. రబ్బరు 20 తీసేస్తే జాకీ గరిష్ఠ ఎత్తు కనీసం 290. ఇది చక్రం మార్చడం వరకే. స్టాండు కూడా పెట్టాలంటే ఈ 290 బొటాబొటీ, ఆ సంగతి కింద చెప్తాం.

మార్కెట్లో మూడు నుంచి ఐదు వేలలో దొరికే చిన్న రెండు టన్నుల ట్రాలీ జాకీల (కింద చక్రాలుండి నేల మీద దొర్లేవి) కనీస ఎత్తు చాలావాటికి 130 నుంచి 140 మి.మీ., గరిష్ఠం 330 దగ్గర. పై ఉదాహరణలో కారుకి గాలి ఉన్నంతసేపే అది దూరుతుంది. కింద ఎత్తు తక్కువగా చేసిన లో ప్రొఫైల్ జాకీల కనీస ఎత్తు 75 నుంచి 90 ఉంటుంది, పైకి 450 నుంచి 500 దాకా వెళ్తాయి. ధర రెట్టింపు పైనే. దించిన కారుకి వేరే దారి లేదు. దించని కారు, ఏడాదికి ఒకట్రెండు ట్రాక్ డేలు అయితే చిన్న జాకీతో పాటు 40 మి.మీ. మందం చెక్క పలక ఒకటి పట్టుకెళ్ళండి. గాలి పోయిన చక్రాన్ని దాని మీదికి మెల్లగా ఎక్కిస్తే పోయిన ఎత్తులో సగం తిరిగొస్తుంది. వేపగానీ తుమ్మగానీ రెండడుగుల ముక్క, ఒక అంచు ఏటవాలుగా చెక్కించుకుంటే చాలు. సరుగుడు కర్రలు అడ్డంగా పేర్చి దాని మీదికి ఎక్కించడం మాత్రం వద్దు, అవి దొర్లుతాయి.

ఏ రకం జాకీ

బాటిల్ జాకీని పక్కన పెట్టేయండి. లారీకి, ట్రాక్టరుకి బంగారం. కారుకి మాత్రం కాదు. రెండు టన్నులవాటికి కూడా కనీస ఎత్తు 160 నుంచి 190 దాకా ఉంటుంది, తల రూపాయి బిళ్ళంత, అడుగు చిన్నది, నిలువు పొడవు. కారు అటూ ఇటూ ఒక అంగుళం కదిలితే పక్కకి ఒరిగిపోతుంది. 12 వోల్టుల కరెంటు జాకీలు నిజానికి మోటారు తగిలించిన కత్తెర జాకీలే. అడుగు చిన్నదన్న లోపం అలాగే ఉంటుంది. రేసు కార్లలో లోపలే బిగించి ఉండే గాలి జాకీలు మన రోడ్డు కార్ల మాట కాదు.

మిగిలింది ట్రాలీ జాకీ. ఇందులో ఇనుపదా అల్యూమినియందా అన్నదే అసలు బేరం. మూడు టన్నుల లో ప్రొఫైల్ ఇనుప జాకీ 30 కిలోల పైన ఉంటుంది. ఒకటిన్నర టన్నుల అల్యూమినియం జాకీ 13 నుంచి 15 కిలోలు. ఇంట్లో షెడ్డులో వాడేవాళ్ళకి ఇనుము హాయి, చాలాకాలం మన్నుతుంది. కానీ మీరు డిక్కీలో నాలుగు టైర్లు, పనిముట్లు, నీళ్ళ డబ్బాలు సర్దుకొని వెళ్తారు. ట్రాకులోకి దిగేముందు కారులోని ప్రతి వస్తువూ తీసేయాలి కాబట్టి ఆ జాకీని దించాలి, సాయంత్రం ఎక్కించాలి. 30 కిలోల బరువుని డిక్కీ అంచు మీదుగా ఎత్తి దింపడం నడుముకి మంచిది కాదు, డిక్కీ పెయింటుకి అంతకన్నా మంచిది కాదు. స్విఫ్ట్, పోలో, ఐ20 సైజు కార్లకి ఒకటిన్నర లేదా రెండు టన్నుల అల్యూమినియం జాకీ డబ్బుకి తగిన వస్తువే. అంత పెట్టలేకపోతే రెండు, రెండున్నర టన్నుల ఇనుప లో ప్రొఫైల్ జాకీ తీసుకోండి.

ఒకటిన్నర టన్ను చాలుతుందా అని అందరికీ అనుమానం. లెక్క చూడండి. ఇంజను ముందు చక్రాలని తిప్పే 1,100 కిలోల కారులో దాదాపు 60 శాతం బరువు ముందు ఉంటుంది, అంటే 660 కిలోలు. ఒక్క ముందు చక్రం మీద 330. సిల్ దగ్గర ఎత్తితే అదే వైపు వెనక చక్రం బరువు కూడా కొంత కలిసి 400, 450 అవుతుంది. 1,500 కిలోల జాకీకి ఇది మూడో వంతు కూడా కాదు. ముందు క్రాస్ మెంబర్ (కారు అడుగున అడ్డంగా ఉండే ఇనుప దూలం) కింద పెట్టి రెండు చక్రాలూ ఒకేసారి లేపినా 660కి అటూ ఇటే. మూడు టన్నుల జాకీ కొనాల్సింది బరువు కోసం కాదు, అది ఇచ్చే ఎత్తు కోసం, వెడల్పు చక్రాల కోసం.

షాపులో ఏం చూడాలి

టేపు జేబులో పెట్టుకొని వెళ్ళండి. నెల్లూరు, ఒంగోలు ఆటోనగర్లలో మామూలు ట్రాలీ జాకీలు దొరుకుతాయి. లో ప్రొఫైల్ అడిగితే తెప్పిస్తామంటారు. నెల్లూరు వాళ్ళు చెన్నై వెళ్ళినప్పుడు జీపీ రోడ్డులో చూసుకోవడం తేలిక, అక్కడ నాలుగు రకాలు పక్కపక్కన పెట్టి కొలవొచ్చు.

డబ్బా మీది అంకె నమ్మకండి, తల కొలవండి. కొన్నిటికి కనీస ఎత్తుని తల మీది రబ్బరు గానీ, తలనే గానీ తీసేసి కొలిచి రాస్తారు. తలతో పాటు దాన్ని పైకెత్తే చెయ్యి (తల వెనకున్న కడ్డీ) ఎత్తు కూడా చూడాలి. తల 80 మి.మీ.లో ఉన్నా దానికి ఒక అడుగు దూరంలో వెనక చెయ్యి 150కి లేచి ఉంటే, సిల్ కింద బాగానే ఉంటుంది, బంపరు కింద నుంచి క్రాస్ మెంబర్‌కి తొయ్యాలంటే బంపరుకి తగులుతుంది. బంపరు ముందంచు నుంచి క్రాస్ మెంబర్‌కి ఎంత దూరమో, బంపరు కింద ఎంత ఎత్తుందో ఇంట్లోనే కొలిచి తెచ్చుకుంటే ఇక్కడ పనికొస్తుంది.

హ్యాండిలు రెండు ముక్కలుగా విడిపోవాలి, లేదంటే హ్యాచ్‌బ్యాక్ డిక్కీలో పట్టదు. అతుకు దగ్గర లొటలొట ఊగకూడదు. పొడవు మీటరుకి అటూ ఇటూ ఉంటే పంపు కొట్టడం తేలిక.

ఖాళీగా పైదాకా పంపు కొట్టి చూడండి. మెత్తగా స్పాంజిలా అనిపిస్తే లోపల గాలి ఉంది, అది సరిచేసుకోవచ్చు. సిలిండరు కింద, పిస్టన్ రాడ్ చుట్టూ వేలితో తడమండి. నూనె అంటితే వద్దు. వదిలే వాల్వు తిప్పినప్పుడు పావు చుట్టుకే దబ్బున దిగిపోతే అది మీ కారుని కూడా అలాగే దింపుతుంది. మెల్లగా తిప్పితే మెల్లగా దిగేది కావాలి. రెండు పంపులున్న జాకీలు ఐదారు కొట్లకే సిల్‌ని తాకుతాయి. సమయం మిగులుతుంది గానీ అది లేకపోయినా నష్టం లేదు, దానికోసం మంచి వెల్డింగున్న జాకీని వదులుకోకండి.

యూరప్ ప్రమాణం ఈఎన్ 1494 గానీ, అమెరికా ప్రమాణం ఏఎస్ఎంఈ పీఏఎల్‌డీ గానీ పాటించినట్టు రేకు మీద రాసి ఉంటే లేనిదానికన్నా నయం. అధిక బరువుని అడ్డుకునే వాల్వు ఉందో లేదో అడగండి.

సెకండ్ హ్యాండ్ జాకీ అయితే ఒకే పరీక్ష. ఏదైనా కారుని ఎత్తించి, సిల్ ఎత్తు కొలిచి, పది నిమిషాలు టీ తాగి వచ్చి మళ్ళీ కొలవండి. నాలుగైదు మిల్లీమీటర్లు దిగినా సీళ్ళో వాల్వో పోయినట్టే. రాడ్ మీద తుప్పు గుంటలు కనిపిస్తే సీలు మార్చినా లాభం లేదు, కొత్త సీలుని కూడా ఆ గుంటలే కోసేస్తాయి. కావలి, కొత్తపట్నం, మైపాడు పక్క సముద్రం గాలి తగిలే షెడ్లలో పడున్న జాకీలకి ఇది తప్పకుండా చూడాలి.

జాకీతో పాటు కొనాల్సినవి

రబ్బరు దిండు మొదటిది. జాకీ ఇనుప తలకి నాలుగు పళ్ళుంటాయి, అవి సిల్ అంచుని నొక్కి వంచేస్తాయి. పెయింటు లేచిన చోట మన తీరప్రాంతంలో ఒక్క వర్షాకాలం చాలు తుప్పు పట్టడానికి. మధ్యలో గాడి ఉన్న గట్టి రబ్బరు దిండు కావాలి. సిల్ అంచు గాడిలోకి పోవాలి, బరువంతా గాడికి రెండు వైపులా ఉన్న భుజాల మీద పడాలి. గాడి లోతు అంచు పొడవుకన్నా తక్కువైతే అంచే బరువు మోస్తుంది, దిండు పెట్టీ ప్రయోజనం లేదు. 12 మి.మీ. లోతు చాలా కార్లకి సరిపోతుంది, మీ అంచు కొలుచుకోండి. పాత టైరు ముక్క మడిచి పెడితే బరువు పడగానే పక్కకి జారుతుంది.

స్టాండ్లు రెండోవి. జాకీ ఎత్తడానికి, నిలబెట్టడానికి స్టాండు. చక్రం తీసి బ్రేకు పని చేసేటప్పుడు స్టాండు లేకుండా చెయ్యి కూడా లోపల పెట్టకండి. ఇక్కడే ఎత్తు లెక్క మళ్ళీ వస్తుంది. మామూలు రెండు, మూడు టన్నుల స్టాండ్ల కనీస ఎత్తు 270 నుంచి 290. దాన్ని తొయ్యాలంటే ఆ చోటు 300 దాకా లేవాలి. గరిష్ఠం 330 ఉన్న చిన్న జాకీతో ఇది అంచు మీద నడక. లో ప్రొఫైల్ జాకీ 450కి వెళ్తుంది కాబట్టి ఇబ్బంది ఉండదు.

ఇంకో చిక్కు: జాకీ పెట్టాల్సిన చోటే స్టాండూ పెట్టాలి, రెండూ ఒకేచోట పట్టవు. దీనికి కారు మాన్యువల్లో చూపిన క్రాస్ మెంబర్ దగ్గర ఎత్తి సిల్ గుర్తుల కింద స్టాండ్లు పెట్టడం సరైన పద్ధతి. వెనక మాత్రం చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో రెండు చక్రాలనీ కలిపే బీమ్ ఉంటుంది, దాని మధ్యలో జాకీ పెట్టి ఎత్తితే అది వంగుతుంది. వెనక సిల్ దగ్గరే ఎత్తండి. చక్రం మార్చడం మాత్రమే అయితే విప్పిన చక్రాన్ని సిల్ కింద పడుకోబెట్టండి. జాకీ జారినా కారు రిమ్ము మీద ఆగుతుంది, మీ కాలు మీద కాదు.

చీమకుర్తి చుట్టుపక్కల ఎక్కడ చూసినా గ్రానైట్ ముక్కలే కాబట్టి వాటిని పేర్చి స్టాండులా వాడాలనిపిస్తుంది. వద్దే వద్దు. పాలిషు చేసిన ముఖం జారుతుంది. రాయి నొక్కుడుకి బాగానే తట్టుకున్నా, కింద చిన్న కంకర పలుకు మీద కూర్చుంటే అడ్డంగా పగులుతుంది, ముందు చెప్పి పగలదు. ఇటుకలు, సిమెంటు బిళ్ళలు కూడా అంతే.

మూడోది ప్లైవుడ్ పలక. 18 మి.మీ. మందం, అడుగు వెడల్పు, రెండడుగుల పొడవు. వడ్రంగి దగ్గర మిగిలిన ముక్క చాలు. ఎండలో తారు మెత్తబడినప్పుడు జాకీ ఇనుప చక్రాలు అందులో దిగబడతాయి. ట్రాలీ జాకీ చెయ్యి పైకి లేస్తూ గుండ్రంగా కదులుతుంది, తల కాస్త ముందుకో వెనక్కో పోతుంది. దానికి తగ్గట్టు జాకీ చక్రాలు దొర్లాలి. దిగబడిపోయి దొర్లకపోతే తల సిల్ మీద జారుతుంది, లేదా కారే పక్కకి లాగబడుతుంది. కారు జాకీ మీంచి పడిపోయిందని వినేవాటిలో చాలావాటికి కారణం ఇదే, జాకీ విరగడం కాదు. పలక వేస్తే కారు కింద 18 మి.మీ. తగ్గినట్టే, ఆ లెక్కా కలుపుకోండి.

ఇక చక్రాలకి అడ్డుచెక్కలు రెండు, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించామో చూపే పానా) ఒకటి. నట్టు సైజు పానా చూసుకోవాలి: మారుతి చిన్న కార్లకి 19 మి.మీ., హ్యుందాయ్‌కి 21, వోక్స్‌వ్యాగన్‌కి 17. వోక్స్‌వ్యాగన్‌లో నట్లు కాదు, బోల్టులు. చక్రాన్ని చేత్తో పట్టుకొని బోల్టు రంధ్రం కలపడం చాకిరీ. ముందుగా రంధ్రంలో బిగించి చక్రం తగిలించుకునే పొడవాటి మేకు ఒకటి దొరుకుతుంది. లేతు షాపులో బోల్టు తల కోయించినా సరే, మర ఎం14 1.5.

దారిలో

జాకీని డిక్కీలో వెనక సీటు వీపుకి ఆనించి, పక్కకి పడుకోబెట్టకుండా దాని చక్రాల మీదే నిలిపి, బెల్టుతో కట్టండి. హైవే మీద గట్టి బ్రేకు వేస్తే కట్టని 30 కిలోల ఇనుము ముందుకొస్తుంది. పక్కకి పడుకోబెడితే నూనె బిరడా దగ్గర కారుతుంది. ఎండలో డిక్కీ వేడెక్కి నూనె ఉబ్బుతుంది కాబట్టి నూనె మరీ ఎక్కువగా నింపిన జాకీ చక్రాల మీద ఉన్నా కారుతుంది. కింద పాత గోనెసంచి వేసుకోండి.

కొత్త జాకీ ఉంది కదా అని కారు సొంత జాకీని ఇంట్లో వదలకండి. 16వ నంబరు హైవే మీద పంక్చరైతే మార్జిన్ మట్టిలో, కంకరలో ట్రాలీ జాకీ దొర్లదు, అక్కడ పలక మీద పెట్టిన కత్తెర జాకీయే గతి. మరీ ఇరుకు చోటైతే 1033కి ఫోన్ చేసి బండి పిలిపించుకోండి.

పిట్స్‌లో వరస

ఒక సెషను అయ్యాక మెల్లగా ఒక చుట్టు తిరిగి బ్రేకులు చల్లారనిచ్చి లోపలికి రండి. హ్యాండ్ బ్రేకు వేయకండి. కాలుతున్న బ్రేకు మీద ప్యాడ్లు ఒత్తి ఉంచితే ఆ చోట డిస్కు కమిలి తర్వాత పెడల్ అదురుతుంది. కారు గేరులో ఉంచండి. అయితే గేరు ఒక్కదాన్నే నమ్ముకుంటే మోసపోతారు. ముందు చక్రాల కారులో ఒక ముందు చక్రం గాల్లోకి లేవగానే డిఫరెన్షియల్ (రెండు చక్రాలనీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) వల్ల అది ఉత్తినే తిరుగుతుంది, నేల మీదున్న రెండోదాన్ని గేరు పట్టి ఉంచలేదు. హ్యాండ్ బ్రేకూ లేదు. అంటే ఆ క్షణాన కారుని ఆపేది మీ అడ్డుచెక్కలే. ఎత్తే చక్రానికి ఎదురు మూలన ఉన్న చక్రానికి ముందొకటి, వెనకొకటి పెట్టి కాలితో తన్ని బిగించండి.

1. చక్రం నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేయండి. గాల్లోకి లేపాక పానా మీద బలం పెడితే కారు ఊగుతుంది. నట్లు కాలుతుంటాయి, చేతికి గుడ్డ వేసుకోండి.

2. పలక వేసి, దాని మీద జాకీని సిల్‌కి అడ్డంగా, నేరుగా తొయ్యండి. ఐమూలగా పెట్టకండి. జాకీ చక్రాలు పలక పొడవునా దొర్లేలా పలకని తిప్పండి.

3. తల సిల్‌ని తాకేదాకా పంపు కొట్టి ఆగండి. వంగి చూడండి. అంచు గాడిలో కూర్చుందా, తల మధ్యలో ఉందా? ఇక్కడ ఐదు సెకన్లు ఆగనివాళ్ళు సిల్ వంచుకుంటారు.

4. ఎత్తుతూ జాకీ చక్రాలు చూడండి. కొంచెం దొర్లుతూ ఉండాలి. ఆగిపోయి తల ఒరుగుతుంటే దించి మళ్ళీ పెట్టండి. లోపల ఎవరూ కూర్చోకూడదు.

5. స్టాండు పెట్టండి, లేదా విప్పిన చక్రాన్ని సిల్ కింద పడుకోబెట్టండి. స్టాండు మీదికి బరువు దించాక కారుని చేత్తో ఒకసారి తోసి చూడండి. ఊగితే ఇప్పుడే ఊగాలి.

6. కొత్త చక్రం ఎక్కించి నట్లన్నీ వేళ్ళతో మూడు నాలుగు చుట్లు తిప్పాకే పానా తీయండి. ఒకదానికి ఎదురుగా ఒకటి, నక్షత్రంలా బిగించండి. కింద పడుకోబెట్టిన చక్రం తీసేసి, కారు నేలకి దించి, టార్క్ రెంచ్‌తో ముగించండి. మారుతి చిన్న కార్లకి మోడల్ని బట్టి 85 నుంచి 100 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు), హ్యుందాయ్‌కి 107 నుంచి 127, వోక్స్‌వ్యాగన్‌కి 120. మీ మాన్యువల్లో అంకె వేరేగా ఉంటే అదే వేదం.

మొదటి సెషను తర్వాత బ్రేకులు చల్లారాక టార్కు మళ్ళీ చూడండి. వేడికి రిమ్ము, నట్టు సర్దుకొని కొంచెం వదులవుతాయి. వేడి మీద బిగిస్తే చల్లారాక అంకె మారిపోతుంది.

మొరాయిస్తే

పంపు కొడితే లేవడం లేదు, లేదా స్పాంజిలా ఉంది: గాలి చేరింది. వదిలే వాల్వు పూర్తిగా తెరిచి, 10, 15 సార్లు నిండుగా పంపు కొట్టి, వాల్వు మూసి చూడండి. రోడ్డు మీద కుదుపులకి ఇది మామూలే కాబట్టి ట్రాకు చేరగానే ఒకసారి ఇలా చేసుకోవడం మంచి అలవాటు.

సగం దాకానే లేస్తోంది: నూనె తక్కువైంది. చెయ్యి పూర్తిగా దించి, బిరడా తీసి, రంధ్రం కింది అంచు దాకా పోయండి. హైడ్రాలిక్ నూనె 22 గానీ 32 గానీ అడగండి. పొక్లెయిన్లకి పోసే 68 చిక్కన, దాంతో పంపు మందగిస్తుంది. బ్రేక్ ఆయిల్ పొయ్యకండి. రెండూ నూనెలే కదా అని పోసేవాళ్ళున్నారు గానీ బ్రేక్ ఆయిల్ నిజానికి నూనే కాదు, గ్లైకాల్. జాకీ లోపలి రబ్బరు సీళ్ళు దానికి ఉబ్బి పాడవుతాయి, జాకీ మూలపడుతుంది.

ఎత్తాక మెల్లగా దిగిపోతోంది: ఎక్కువసార్లు వాల్వు గుండు కింద నలుసు అడ్డుపడి ఉంటుంది. వాల్వు తెరిచి, తల మీద చేత్తో నొక్కుతూ నాలుగైదుసార్లు దించి లేపితే నలుసు కొట్టుకుపోవచ్చు. అయినా దిగుతుంటే ఆ రోజుకి ఆ జాకీని పక్కన పెట్టండి. "పర్లేదులే, తొందరగా మార్చేద్దాం" అనుకునే చోట ఇది కాదు.

వాల్వు తెరిచినా ఖాళీ జాకీ దిగట్లేదు: రాడ్‌కి తుప్పు, లేదా వెనక్కి లాగే స్ప్రింగు ఊడింది. సుత్తితో కొట్టకండి.

ఇంటికొచ్చాక జాకీని పూర్తిగా దించి, వాల్వు బిగించి, చక్రాల్లో ఇరుక్కున్న ఇసుక దులిపి, రాడ్ కనిపించేంత మేర నూనె గుడ్డతో తుడవండి. ఎత్తి ఉంచిన జాకీకి రాడ్ బయట ఉంటుంది, ఉప్పుగాలి దాని మీదే పని మొదలుపెడుతుంది. ట్రాక్ డేల మధ్య నాలుగైదు నెలలు ఖాళీ వస్తే, నెలకొకసారి ఖాళీగా పైదాకా లేపి దించండి, సీళ్ళు ఎండిపోకుండా ఉంటాయి.